నాలుగున్నర గంటల హక్కు

పక్షవాతానికి మన ఇళ్ళలో మరి రెండు పేర్లున్నాయి. శరీరం ఒక పక్క పడిపోతే ఫాలిజ్ అంటాము. మూతి వంకరపోతే లఖ్వా అంటాము. ఈ పేర్లు పలికే స్వరంలోనే ఒక లొంగుబాటు ధ్వనిస్తుంది. గుండెలో నొప్పి అనగానే ఆటో కోసం వీధిలోకి పరుగెత్తే ఇంటివారే, ఫాలిజ్ అనగానే మంచం సిద్ధం చేస్తారు. చూడవచ్చిన బంధువులు దుఆ చేస్తారు, ఒక నూనె పేరు చెబుతారు, మర్దన చేసేవారి ఊరు చెబుతారు. పావురం రక్తం పూయమని సలహా ఇచ్చే పెద్దవారు నేటికీ ఉన్నారు. తెల్లవారిన తరువాత పట్నం తీసుకుపోదామన్న నిర్ణయం జరిగేసరికి చికిత్స గడువు ముగిసిపోయి ఉంటుంది.

ఈ ఆలస్యానికి ప్రజల అజ్ఞానమే కారణమని చేతులు దులుపుకోవడం తేలిక. రోగులు ఆలస్యంగా వస్తున్నారన్నది ఆసుపత్రుల్లో తరచుగా వినిపించే మాట. ఆ మాటలో నిజం ఉన్నది. అందుచేతనే మన ఇళ్ళ సంగతి కూడా ఈ వ్యాసంలో మాట్లాడతాము. కాని మేము ముందుగా అడగదలచిన ప్రశ్న వేరు. వేళకు బయలుదేరిన కుటుంబానికి ఏమి లభిస్తున్నది? మూతి వంకర పోయిన పది నిమిషాలకే అమ్మను ఆటోలో కూర్చోబెట్టుకున్న కొడుకు ఆ ఆటోను ఏ దిక్కుకు తిప్పాలి? దగ్గరలో ఉన్న ఆసుపత్రికా, స్కాన్ ఉన్న ఆసుపత్రికా, మందు ఉన్న ఆసుపత్రికా? ఈ మూడూ ఒకే చోట ఉన్న ఆసుపత్రి ఏదో అతనికి ఎవరు చెప్పారు?

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడడం వలన గాని, నాళం చిట్లి లోపల రక్తం కారడం వలన గాని పక్షవాతం వస్తుంది. మొదటి రకమే ఎక్కువ. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ప్రచురితమైన ఒక అంచనా చెబుతున్నది. ఆ గడ్డను కరిగించే సూది మందు కొత్తది కాదు. 3 గంటలలోపు ఇస్తే వైకల్యం తగ్గుతుందని 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన నిరూపించింది. నాలుగున్నర గంటల వరకు కూడా ప్రయోజనం ఉంటుందని 2008లో ఐరోపా పరిశోధన తేల్చింది. గజ్జ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే చికిత్సకు 2015లో వెలువడిన ఐదు పరిశోధనలు గట్టి పునాది వేశాయి. కొందరు రోగులకు 24 గంటల వరకు కూడా అది పనికివస్తుంది. కాని ఆ చికిత్స చేయగల నిపుణులు, యంత్రాలు మహానగరాలకే పరిమితం. చిన్న పట్టణాల వారికి ఆశ ఆ సూది మందే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దానిని దాచకూడదు. గడ్డ అడ్డుపడిన రోగిని నిలబెట్టే ఈ మందే, నాళం చిట్లిన రోగిని చంపగలదు. పైకి చూస్తే రెండింటి లక్షణాలూ ఒక్క తీరుగానే ఉంటాయి. తేడాను తేల్చి చెప్పేది తలకు తీసే స్కాన్. కనుక మందు ఒక్కటే ఉంటే చాలదు. సి.టి. స్కాన్ యంత్రం, దానిని ఏ వేళనైనా నడిపే మనిషి, తీసిన చిత్రాన్ని చదివి నిర్ణయం చెప్పే వైద్యుడు, అలమరలో మందు, ఈ నాలుగూ ఒకే కప్పు కింద ఉండాలి. ఆసుపత్రి గోడమీద స్కాన్ సౌకర్యం కలదు అన్న బోర్డు చూసి సంతోషించే అలవాటును మనం మానుకోవాలి. రాత్రి రెండు గంటలకు ఆ గది తాళం ఎవరి దగ్గర ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

ఆదోని నుండి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు 300 కిలోమీటర్ల పైమాట. ఈ దూరాలు అందరికీ ఒక్కటే. కాని కారు ఉన్న కుటుంబానికి, పెద్దాసుపత్రిలో తెలిసిన డాక్టరు ఉన్న కుటుంబానికి ఆ దూరం తగ్గుతుంది. మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడికి, పండ్ల బండి తోసేవాడికి, ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్ళు అతికించే మహిళకు అది పెరుగుతుంది. మొదట వీధిలోని ఆర్.ఎం.పి. దగ్గరకు, అక్కడ నుండి పట్టణంలోని చిన్న ఆసుపత్రికి, అక్కడ రెఫర్ చేశామన్న ఒక కాగితంతో పెద్దాసుపత్రికి, అక్కడ మంచం లేదంటే ఇంకొక చోటికి. ఒక్కొక్క మెట్టు దగ్గర గంట గడుస్తుంది. నాలుగు మెట్లకు నాలుగు గంటలు. తమ వంతు బాధ్యత నెరవేర్చామనే ప్రతి మెట్టు దగ్గరివారూ అనుకుంటారు.

ఈ నాలుగు మెట్ల కథ మన దేశపు అత్యున్నత న్యాయస్థానానికి తెలియనిది కాదు. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుండి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయం, లోపల రక్తస్రావం. అతనిది ప్రమాదమే గాని పక్షవాతం కాదు. కాని ఆ రాత్రి అతనిని తిప్పిన దారి మనకు చిరపరిచితమైనది. స్థానిక ఆరోగ్య కేంద్రంలో వసతి లేదు. కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒక చోట మంచం లేదు, ఒక చోట ఆ విభాగం లేదు, ఒక చోట డబ్బు కట్టి స్కాన్ తీయించుకున్న తరువాత కూడా చేర్చుకునే ఏర్పాటు లేదు. చివరకు ఒక ప్రైవేటు ఆసుపత్రి చేర్చుకున్నది. సుమారు 17,000 రూపాయలు ఖర్చయింది. అతడూ, అతని వ్యవసాయ కూలీ సంఘమూ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1996 మే 6న తీర్పు వెలువడింది. అవసరమైన వేళ చికిత్స అందించలేకపోవడం ప్రభుత్వ ఆసుపత్రి చేసిన చిన్న పొరపాటు కాదనీ, రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమనీ న్యాయస్థానం ప్రకటించింది. 25,000 రూపాయల నష్టపరిహారం ఇప్పించింది.

ఈ తీర్పును మనలో చాలామంది పరిహారపు తీర్పుగానే గుర్తుంచుకున్నారు. అందులో అంతకంటె విలువైన భాగం ఒకటి ఉన్నది. ప్రాథమిక కేంద్రాల్లో తక్షణ చికిత్సకు వసతులు, జిల్లా స్థాయి ఆసుపత్రుల మెరుగుదల, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉన్నదో అప్పటికప్పుడు తెలిసే కేంద్రీకృత సమాచార వ్యవస్థ, తగిన వాహనాలు కావాలని న్యాయస్థానం చెప్పింది. డబ్బు లేదన్న సాకు రాజ్యాంగ బాధ్యతకు అడ్డురాదని చెప్పింది. వ్యాజ్యంలో కక్షిదారు పశ్చిమ బెంగాలే అయినా, మిగిలిన రాష్ట్రాలు కూడా ఇదే దారిలో చర్యలు తీసుకోవాలని చెప్పింది. ప్రాంతీయ అత్యవసర వైద్య వ్యవస్థ అని నేడు నిపుణులు దేనిని అంటున్నారో, దాని రూపురేఖలు ఒక ముస్లిం కూలీ వేసిన వ్యాజ్యంలో 1996లోనే న్యాయాదేశంగా వచ్చాయి. దానిని ఒక దయగా అడుక్కోవలసిన అవసరం మనకు లేదు.

న్యాయస్థానం చెప్పింది సరే, ఇది మన రాష్ట్రాల్లో జరిగే పనేనా అని అడిగేవారు ఉంటారు. జరిగే పనేనని గుండెపోటు విషయంలో నిరూపితమైంది. 108 సేవ 2005 ఆగస్టు 15న మన నేలమీదనే మొదలైంది. అంతకుముందు అంబులెన్సు అంటే ఆసుపత్రి ఆవరణలో నిలబడి ఉండే బండి. ఆ తరువాత అది ఫోన్ చేస్తే ఊరికి వచ్చే బండి అయింది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుండెపోటు రోగుల కోసం మరొక అడుగు వేసింది. కర్నూలు, గుంటూరు, తిరుపతి, విశాఖపట్నం బోధనాసుపత్రులను కేంద్రాలుగా చేసి, చుట్టూ ఉన్న చిన్న ఆసుపత్రులను వాటికి జోడించింది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని కేంద్రంలోని గుండె వైద్యుడు దూరం నుండే చూస్తాడు. ఆయన చెప్పగానే అక్కడే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ సూది వేస్తారు. బయట కొనాలంటే వేల రూపాయలు పలికే మందు, రోగికి ఉచితం. ఒక కూలీ మనిషి తన మండలం దాటకుండానే ఆ మందు పొందగలగడం చిన్న విషయం కాదు. మంచి పనిని మంచి పని అనడానికి మాకు సంకోచం లేదు.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. పక్షవాతానికి వాడే మందుల్లో ఆ టెనెక్టెప్లేస్ కూడా ఒకటి. మోతాదు వేరు, జాగ్రత్తలు ఎక్కువ, ముందు స్కాన్ తప్పనిసరి. కాని మందు అదే, దూరం నుండి నిపుణుడు చూసి చెప్పే పద్ధతి అదే, 108 వాహనాలు అవే. గుండె కోసం పరచిన దారిలో మెదడు కోసం నడవడానికి కొత్తగా కావలసింది స్కాన్ ఉన్న ఆసుపత్రులను గుర్తించి రాత్రింబవళ్ళు నడపడం, అక్కడి జనరల్ మెడిసిన్ వైద్యులకు శిక్షణ, కేంద్రంలో న్యూరాలజిస్టు ఎల్లవేళలా ఫోన్ ఎత్తే ఏర్పాటు. న్యూరాలజిస్టులు మన దగ్గర తక్కువన్నది నిజం. కాని హిమాచల్ ప్రదేశ్‌లో ఎక్కువ ఉన్నారా? కొండల రాష్ట్రం, గంటల తరబడి ఘాట్ రోడ్లు. అక్కడ 2014 నుండి జిల్లా ఆసుపత్రుల్లోని సాధారణ వైద్యులకు శిక్షణ ఇచ్చి, స్కాన్ చిత్రాన్ని ఫోనులో సిమ్లా, టాండా వైద్య కళాశాలల నిపుణులకు పంపించి, ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చిన మందును అక్కడికక్కడే వేసే పద్ధతి నడిపారు. ఘాట్ రోడ్ల మీద జరిగిన పని రాయలసీమ మైదానంలో ఎందుకు జరగదు?

మన పెద్ద బోధనాసుపత్రుల్లో ఈ చికిత్స తెలియనిదేమీ కాదు. హైదరాబాదులోని నిమ్స్ వంటి చోట్ల పేరుపడిన నరాల వైద్య విభాగాలున్నాయి. మా అభ్యంతరం వాటి మీద కాదు. ఆ చికిత్స ఆసుపత్రి గేటు లోపల ఉండిపోవడం మీద. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 10 లక్షలకూ, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకూ 2023 డిసెంబరులో పెరిగింది. రెండు ప్రభుత్వాలూ ఘనంగా ప్రకటించుకున్నాయి. గడువు దాటిన తరువాత పాతిక లక్షలు ఉన్నా చచ్చిన కణం బ్రతకదు. మొదటి నాలుగున్నర గంటల్లో కార్డు, ఆధార్, ఆమోదం అన్న మాటలు రోగికీ సూదికీ మధ్యకు రాకూడదన్న స్పష్టమైన ఉత్తర్వు కావాలి. కాగితాలు మరునాడు చూసుకోవచ్చు.

అన్నిటికంటె ముందు 108 సిబ్బందికి ఒక నియమం ఉండాలి. పక్షవాతం అనుమానం ఉన్న రోగిని అతి దగ్గరి ఆసుపత్రికి కాదు, స్కానూ మందూ రెండూ ఉన్న అతి దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలోనే అక్కడికి ఫోన్ చేయాలి. వాహనం ఆగేసరికి స్కాన్ గది తలుపు తెరిచి ఉండాలి. రోగి గుమ్మం దాటిన గంటలోపు సూది పడాలన్నది ప్రపంచమంతటా అంగీకరించిన ప్రమాణం. మన ఆసుపత్రులను కూడా ఆ కొలతతోనే కొలవాలి.

ఇందులో భాషకు సంబంధించిన కోణం ఒకటి ఉన్నది. దాని గురించి ఈ పత్రిక కాకపోతే మరెవ్వరూ మాట్లాడరు. తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష. ఆ హోదా బోర్డుల మీద ఉంటే చాలునా? ఫోన్ ఎత్తినవారికి ఫాలిజ్, లఖ్వా అన్న మాటలు వినగానే ఇది నిమిషాల వ్యవహారమని తెలియాలి. రోగి మాట తడబడుతున్నదా లేదా అన్నది పరీక్షలో ముఖ్యమైన అంశం. ఇంట్లో ఉర్దూ తప్ప మాట్లాడని నానీమాను తెలుగులో వాక్యం చెప్పమంటే తడబడింది నాలుకా, భాషా అని ఎవరు తేల్చగలరు? ప్రతి షిఫ్టులోనూ, ప్రతి అత్యవసర విభాగంలోనూ ఉర్దూ తెలిసిన ఒక మనిషి ఉండడం ఈ వ్యవస్థలో భాగం కావాలి. మరోవైపు కోస్తా, రాయలసీమ పల్లెల్లోని దూదేకుల కుటుంబాల వంటివారు తెలుగే మాట్లాడతారు. వారికి భాష కాదు, దూరమే అడ్డు. సచార్ కమిటీ 2006లోనే ముస్లింలు ఎక్కువగా ఉన్న పెద్ద గ్రామాల్లో చాలాచోట్ల వైద్య వసతి కొరవడిందని దేశవ్యాప్తంగా లెక్కతీసి చెప్పింది. ఏ ఆసుపత్రులను ఈ వ్యవస్థలో చేర్చాలో నిర్ణయించే బల్ల ముందు ఆ లెక్క కూడా ఉండాలి. ఇది ముస్లింలకు ప్రత్యేక ఆసుపత్రి కావాలన్న కోరిక కాదు. ఆదోనిలో స్కాన్ గది రాత్రి తెరిచి ఉంటే అందులోకి వచ్చే రోగి పేరు ఎవరూ అడగరు.

ఇక మన ఇళ్ళ సంగతి. ముఖం ఒక పక్కకు జారడం, ఒక చెయ్యి పైకి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం, హఠాత్తుగా చూపు పోవడం లేదా తూలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. లఖ్వా అన్న ప్రతిదీ మెదడు జబ్బు కాదు. ముఖానికి వెళ్ళే నరం దెబ్బతిన్నప్పుడు కూడా మూతి వంకరపోతుంది, వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. కాని ఆ తేడా తేల్చవలసింది ఆసుపత్రిలో, మన వసారాలో కాదు. నోరు పడిపోయిన మనిషికి ప్రేమతో జమ్‌జమ్ నీళ్ళో, తేనెనీళ్ళో పోస్తారు. మింగే శక్తి తగ్గినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి పోయి కొత్త ప్రమాదం తెస్తాయి. దుఆ చేయండి, నోట్లో ఏమీ పోయకండి. బి.పి. మాత్ర నాలుక కింద పెట్టడం, రక్తం పలచబడుతుందని ఆస్పిరిన్ ఇవ్వడం కూడా వద్దు. స్కాన్ అయ్యేవరకు అవి వైద్యుని నిర్ణయాలు.

వైద్యుడు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. మనిషి చివరిసారిగా మామూలుగా ఉన్నది ఎప్పుడు? గడువు లెక్క మొదలయ్యేది అక్కడి నుండే. నిద్రలో పక్షవాతం వచ్చినవారి విషయంలో చాలా కుటుంబాలు ఈ ప్రశ్న దగ్గర తెల్లముఖం వేస్తాయి. మనకు మాత్రం రోజును ఐదు చోట్ల కొలిచే అలవాటు ఉన్నది. ఫజర్‌కు వజూ చేసుకున్నప్పుడు బాగానే ఉన్నారా, జొహర్‌కు సజ్దా నుండి లేవడం కష్టమయిందా, సహరీలో మామూలుగా మాట్లాడారా అని గుర్తుచేసుకుంటే వేళ దొరుకుతుంది. ఆ ఒక్క సమాధానం మీద చికిత్స ఇవ్వడమా మానడమా అన్నది ఆధారపడవచ్చు.

రమజాన్ మాసంలో బి.పి. మాత్రలు తమంతట తాము మానేసేవారు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. ఉపవాసం ఉండదలచినవారు నెలకు ముందుగానే వైద్యుని కలిసి మోతాదు వేళలను సహరీకి, ఇఫ్తారుకు మార్పించుకోవచ్చు. వ్యాధిగ్రస్తునికి ధర్మం ఇచ్చిన మినహాయింపు ఏమిటో ఉలమాలు జుమా ప్రసంగంలో ఒక్క మాట చెబితే, మా వంటి పత్రికలు పది వ్యాసాలు రాసిన దానికంటె ఎక్కువ మందికి చేరుతుంది.

మరొక మాట, కొందరికి కష్టంగా తోచవచ్చు. చాలా మస్జిద్ కమిటీల వద్ద జనాజాకు వాహనం ఉన్నది. చందాలతో కొని, భక్తితో నడుపుతున్నారు. బ్రతికి ఉన్నవారి కోసం అటువంటి ఏర్పాటు ఉన్న కమిటీలు తక్కువ. అంబులెన్సు కొనమని మేము అనడం లేదు, 108 ఉన్నది. ఆ బండి రావడం ఆలస్యమయితే రాత్రివేళ పిలిస్తే వచ్చే ఇద్దరు ఆటో డ్రైవర్ల నంబర్లు, స్కానూ మందూ ఉన్న ఆసుపత్రి పేరు, దానికి దారి, ఇవి మస్జిద్ తలుపు పక్కన తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి అతికించడానికి ఎంత ఖర్చవుతుంది? మొహల్లాలోని ఆర్.ఎం.పి. డాక్టర్లను కూర్చోబెట్టి, పక్షవాతం అనుమానం ఉంటే సెలైను పెట్టవద్దని, పంపించమని ఒప్పించవలసింది కూడా ఈ కమిటీలే. బైతుల్ మాల్ నిధులు నేడు ఎక్కువగా మంచం పట్టిన తరువాత ఇంటి ఖర్చుకు వెళ్తున్నాయి. ఫిజియోథెరపీకి కూడా ఇవ్వడం మొదలుపెడితే కొందరైనా మంచం దిగుతారు.

కమిటీలు ఇవన్నీ చేసినా, ఆ గోడమీద రాయడానికి ఆసుపత్రి పేరు కావాలి కదా. ఆ పేరు ప్రభుత్వం ఇవ్వాలి. ఇప్పించుకోవడానికి మన చేతిలో 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. ప్రతి జిల్లాలోని మన కార్యకర్తలు తమ జిల్లా ఆసుపత్రికి పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టాలని కోరుతున్నాము. గత సంవత్సరం పక్షవాతంతో వచ్చిన రోగులు ఎంతమంది? వారిలో నాలుగున్నర గంటలలోపు వచ్చినవారు ఎంతమంది? గడ్డ కరిగించే సూది ఎంతమందికి వేశారు, ఎంతమందిని వేరే చోటికి పంపారు? స్కాన్ రాత్రివేళ పనిచేస్తుందా? మందు నేడు నిల్వ ఉన్నదా? ముప్పై రోజులలోపు సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. వచ్చిన సమాధానాలను, రాని జిల్లాల పేర్లను కూడా, మాకు పంపించండి. జిల్లాలవారీగా ఈ పత్రికలో ప్రచురిస్తాము.